బోర్డు కింది చెప్పులు

నిన్న మా ఇంటికి వైరుమాను వచ్చాడు. పులివెందులలో నేను కట్టుకున్న ఇల్లు చిన్నది. దాని వెనకాల ఉన్న రేకుల షెడ్డు ఇంటికంటే కాస్త పెద్దది. ఆ షెడ్డును సైకిళ్లు బాగుచేసే అన్నదమ్ములకు బాడుగకిచ్చాను. వాళ్లు గాలి కొట్టే మోటారొకటి తెచ్చుకున్నారు. అది తిరగడం మొదలుపెట్టినప్పుడల్లా మా ఇంట్లో దీపాలు ఆరిపోవడం మొదలైంది. వైరుమాను మీటరు చూశాడు, షెడ్డు చూశాడు, నా ముఖం చూశాడు. ఆ మూడో చోట కరెంటు జాడ ఏమీ కనపడకపోయేసరికి, నాకర్థమయ్యేలా నింపాదిగా చెప్పాడు.

“షెడ్డుకు వేరే బోర్డు పెట్టేద్దాం సార్. వాళ్ల మెయిను వాళ్లది, వాళ్ల ఫ్యూజులు వాళ్లవి. ఇంక ఫ్యూజు పోయిందని వాళ్లు మీ ఇంట్లోకి వచ్చే పనే ఉండదు.”

పెట్టమన్నాను. అతను చెప్పింది న్యాయమైన మాట, క్షేమమైన మాట. కానీ ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాక ఎక్కడి నుంచో సిగ్గు వచ్చి పక్కన కూర్చుంది. అది నా సిగ్గు కాదు, మా మామది. ఆస్తిలో భాగం రాని మేనల్లుళ్లకు ఇట్లాంటివే వారసత్వంగా వస్తాయి.

మామ పోయింది నిరుడు. అమ్మకు పెద్దన్న. చాపాడు దగ్గర సేద్యం, ప్రొద్దుటూరులో ఇల్లు. నేను అక్కడి నూనె మిల్లులో గుమాస్తాగా చేరిన రోజుల్లో ఆయన ఇంట్లోనే ఉండేవాణ్ణి. వీధిలో మొట్టమొదట కరెంటు వచ్చిన ఇళ్లలో అదొకటి. అప్పటి నుంచి ఆయన మేనమామ కాదు, మెయిన్ మామ అని నేను చాటుగా అనుకునేవాణ్ణి. చాటుగా అనుకోవడమే నా ధైర్యం.

మామకు కరెంటంటే ఎంత భక్తో అంత భయం. దాన్ని ‘ఆయప్ప’ అనేవాడు. ఆయప్ప వచ్చినాడు, ఆయప్ప పోయినాడు, ఈ పొద్దు ఆయప్ప మందంగా ఉండాడు. బోర్డు తిన్నె మీద గోడకు బిగిస్తామని మొదట లైనుమాను అన్నాడట. అంత పెద్దమనిషిని ఇంటికి పిలిచి తిన్నె మీద కూర్చోబెడతామా అని మామ ఒప్పుకోలేదు. లోపలికి తీసుకుపోయి నడిమింట్లో, దేవుని గూడు పక్కన బిగించేదాకా నిద్రపోలేదు. తర్వాత జరిగినదంతా ఆ మర్యాద వల్లే జరిగింది.

బోర్డు కింద ఒక చెక్క పీట, దాని మీద ఒక జత రబ్బరు చెప్పులు ఉండేవి. మా అత్త గడప దాటి చెప్పు రానిచ్చే మనిషి కాదు. కరెంటు పట్టేటప్పుడు కాళ్లకు రబ్బరు ఉండాలని లైనుమాను చెప్పాక, ఆ ఇంట్లో కొన్నాళ్లు పెద్ద వాదనే నడిచిందట. ఆఖరుకు అత్త ఒక షరతు మీద దిగివచ్చింది. చెప్పులు అంగడి నుంచి కొత్తవి కాగితంలో చుట్టుకుని రావాలి, వీధి మొహం చూడకూడదు. అట్లా వచ్చిన చెప్పులవి. దేవుని గూటికి రెండు జానల దూరంలో, రోజూ తుడిపించుకుంటూ, పటాలతో పాటు అవీ కాపురం చేశాయి.

దీపాల వేళ మామ చేసే తతంగం చూడాల్సిందే. కాళ్లు కడుక్కుని వచ్చి, పీట ఎక్కి, చెప్పులు తొడుక్కుని, చేతికి తుండుగుడ్డ చుట్టుకుని, కళ్లు మూసుకుని స్విచ్చి నొక్కేవాడు. బల్బు వెలిగిందని రెప్పల వెనక ఎర్రగా తెలిశాక కళ్లు తెరిచి, దానికి దండం పెట్టి, చెప్పులు విడిచి దిగేవాడు. దేవుడికి చెప్పులు విప్పి, దీపానికి చెప్పులు తొడుక్కుని దండం పెట్టిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆయన గురించి ఇంకొక్క సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మామ తన జీవితంలో తప్పయిందని ఎవరితోనూ నోరు తెరిచి అనలేదు. అనలేడు. మనసులో మాత్రం ఆ మాట ఆయన్ని పురుగులా తొలిచేది. ముందు తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకునేవాడు. ఆ తర్వాత వీధిలోకి పోయి, ఎవరిని నొప్పించాడో వాళ్లకు ఏదో ఒక వస్తువు తెచ్చి ఇచ్చేవాడు. అత్త వంటింటి అటక మీద ఇత్తడి గిన్నెలు, గంగాళాలు, కూజాలు బారులు తీరి ఉండేవి. ఏ గిన్నె ఏ తగువుదో ఆమె చెప్పగలిగేది. ఫలానా కూజా ఆమె నాయన్ను తిట్టినందుకు, ఫలానా బోగాణి కూర బాగలేదని కంచం తోసినందుకు. ఒకసారి నేను మిల్లు నుంచి ఆలస్యంగా వస్తే వీధిలో నలుగురి ముందు కేకలేశాడు. మర్నాడు నా మంచం మీద కొత్త గొడుగు ఉంది. ఎండాకాలం. వాన వచ్చేదాకా ఆ గొడుగు కింద నడిచింది ఆయన సిగ్గే.

ఇంటి వెనక ఒకప్పుడు గడ్డి వేసుకునే షెడ్డులో ఒక దర్జీ ఉండేవాడు. నాకంటే కాస్త పెద్దవాడు. అతని నాయన కూడా ఆ షెడ్డులోనే కుట్టుమిషను తొక్కుతూ ముసలివాడై పోయాడు. ఆ సాయిబు, మా మామ చిన్నప్పుడు కలిసి పెన్నలో ఈతలు కొట్టినవాళ్లు, ఒకరినొకరు బావా అని పిలుచుకున్నవాళ్లు. బావ కొడుకు కాబట్టి ఈ దర్జీ మామకు అల్లుడు. నేను చెల్లెలి కొడుకును కాబట్టి నేనూ అల్లుణ్ణే. మామ నడిమింట్లో నిలబడి ‘అల్లుడూ’ అని కేకేస్తే ఇద్దరమూ లేచేవాళ్లం. మామ నా వైపు చూసి “నువ్వు గాదులే” అనేవాడు. పనికొచ్చే అల్లుణ్ణి నేను కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు. నాతో సహా.

ఆ పని ఏమిటంటే ఫ్యూజు వేయడం. దర్జీ బొంబాయి పోయిన చుట్టమెవరితోనో చెప్పి కరెంటు ఇస్త్రీ పెట్టె తెప్పించుకున్నాడు. షెడ్డుకు పోయే తీగ ఇంటి ఫ్యూజు మీదుగానే పోయేది. అతను అక్కడ పెట్టె వేడి చేస్తే ఇక్కడ బల్బు కునికిపాట్లు పడేది. అత్త రేడియో కూడా పెట్టిందంటే మొత్తం చీకటి. మామ కేకేసేవాడు. దర్జీ వెనక వాకిలి గుండా, వంటింటి పక్క నుంచి, ఆ చీకట్లో ఎవరికీ ఏదీ తగలకుండా నడిచి నడిమింట్లోకి వచ్చేవాడు. నెత్తిన టోపీ, మెడలో కొలత టేపు, జేబులో ఖాళీ దారపు రీలు. ఆ రీలుకు దారం బదులు ఫ్యూజు తీగ చుట్టి ఉండేది. నేను అగ్గిపుల్ల గీసి పట్టుకునేవాణ్ణి. ఈ కథలో నా వంతు వెలుగు అంతే.

“కుట్టు తెగింది మామా” అనేవాడు పీట మీద నిలబడి, పింగాణి ఫ్యూజు ఊడబీకి చూస్తూ.

“పోగొట్టేదీ నువ్వే, తెచ్చేదీ నువ్వే” అనేవాడు మామ. “ఇట్లాంటి వానిని ఇంట్లో పెట్టుకోవాల్నా, బయట పెట్టాల్నా?”

“ఇంట్లోనే పెట్టుకో మామా. బయట పెడితే తెచ్చేవాడు ఉండడు.”

దీపం వచ్చాక అతను వెంటనే పోయేవాడు కాదు. అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంటే అత్త మజ్జిగ తెచ్చేది. మామ ఊళ్లో సంగతులు అడిగేవాడు. ఎవరి చొక్కా కొలత పెరిగింది, ఎవరిది తగ్గింది అన్నది దర్జీ చెబితే, దాన్ని బట్టి ఊరి స్థితిగతులు మామ తేల్చేవాడు. అతను నడిమింట్లోకి రావడం గురించి ఎవరూ ఎన్నడూ అనుమతి ఇవ్వలేదు, ఎవరూ కాదనలేదు. వచ్చేటప్పుడు ఎట్లాగూ చీకటి. దీపం వచ్చేసరికి అతను ఇంట్లో మనిషై ఉండేవాడు.

మామ కూతుర్ని జమ్మలమడుగులో ఇచ్చారు. మంచి సంబంధం. ఇంటికి పట్టింపులెక్కువని అందరూ చెప్పారు, అదే వాళ్ల ఘనత అన్నట్టు. పెళ్లయిన ఏడాది మామ ఇంట్లో వ్రతం పెట్టుకుని వియ్యంకుణ్ణి పిలిచాడు. ఆ పిలుపు అన్నాళ్ల నుంచి వాయిదా పడుతూ వచ్చింది. అవతలివాళ్లు ఏదో ఒక వంక చెప్పేవాళ్లు. ఈసారి వస్తామన్నారు. కూతురు పుట్టింటికి రాకపోకలు పెట్టుకోవాలంటే ఈ ఒక్క పొద్దు సాఫీగా గడవాలి. మామ అప్పటికే రెండుసార్లు తలగుడ్డ విప్పి చుట్టాడు, తప్పేమీ జరగకముందే.

సాయంత్రం పూజ మొదలైంది. నడిమింటి నిండా జనం. వియ్యంకుడు చాప మీద నిటారుగా కూర్చున్నాడు. తాంబూలంలో ఆయనకు పెట్టాల్సిన పట్టు లాల్చీ ఆఖరు నిమిషంలో పొట్టి అయిందని విప్పి కుట్టడానికి షెడ్డుకు పంపారు. దర్జీ దాన్ని సరిచేసి, మడతలు తీరుగా రావాలని ఇస్త్రీ పెట్టె తగిలించాడు. బల్బు ఒకసారి తల ఊపి ఆరిపోయింది.

అందరూ గుసగుసలాడుకున్నారు. మామకు అలవాటు. చీకట్లో తల వెనక్కి తిప్పి “అల్లుడూ” అన్నాడు. నేను లేచాను. “నువ్వు గాదులే” అన్నాడు. ఎవరో నవ్వారు. దర్జీ వచ్చాడు. అంతమంది మధ్య నుంచి ఎవరి కాలూ తొక్కకుండా వచ్చి పీట ఎక్కాడు. నేను అగ్గిపుల్ల పట్టుకున్నాను. తీగ చుట్టి, ఫ్యూజు నొక్కాడు.

దీపం వచ్చింది. ఎన్నోసార్లు వచ్చిన దీపమే. కానీ ఆ పొద్దు అది కొత్తవాళ్ల కళ్లతో వచ్చింది. పీట మీద టోపీతో నిలబడి ఉన్నాడు దర్జీ. భుజం దేవుని గూటికి ఆనుతోంది. మెడలోని టేపు కొస జారి గూటి ముందు పూల మీద వేలాడుతోంది. చొక్కాకు గుచ్చిన సూది మెరుస్తోంది. నేను రోజూ చూసినవే అన్నీ. అప్పుడు మొదటిసారి కనపడినట్టయింది.

వియ్యంకుడు గొంతు పెంచలేదు. మెల్లగా, మర్యాదగా అడిగాడు.

“ఎవరు బావా ఆ మనిషి?”

జవాబు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అది ఒక్క మాట. నిమిషం కింద మామే కేకేసిన మాట. మామ వియ్యంకుడి వైపు చూశాడు, వెనక తలుపు చాటున నిలబడిన కూతురి వైపు చూశాడు. పీట మీద ఉన్న మనిషి వైపు మాత్రం చూడలేదు.

“కరెంటు పని చేసే మనిషిలే బావా” అన్నాడు. “పిలిపిస్తే వచ్చినాడు.”

దర్జీ రీలుకు మిగిలిన తీగను చుట్టడం ఆపలేదు. తీరిగ్గా, కొస బయటికి రాకుండా చుట్టాడు. జేబులో వేసుకున్నాడు. టేపు సర్దుకున్నాడు. దిగి, మామ ముందు రెండు చేతులూ జోడించాడు.

“పని అయిపోయింది సామీ” అన్నాడు. “ఇంక పోయొస్తా.”

మామను ఆ వీధిలో ఎవరూ సామీ అనరు. అతను తిరిగి వెనక వాకిలి వైపు పోలేదు. పనికి పిలిస్తే వీధి నుంచి వచ్చిన మనిషి ఎటు పోతాడో అటే పోయాడు. నడిమిల్లు దాటి, తిన్నె దాటి, ముందు వాకిలి గుండా వీధిలోకి దిగి, సందు చుట్టుకుని షెడ్డుకు చేరుకున్నాడు. మామ చెప్పిన మాట నిజం చేయడానికి అంత దూరం నడిచాడు. కాసేపటికి లాల్చీ వచ్చింది, వేరే ఎవరి చేతనో. మడతలు కత్తిలా ఉన్నాయి. వియ్యంకుడు మెచ్చుకుని తొడుక్కున్నాడు. వ్రతం సాఫీగా గడిచింది. హారతి వేళ మామ తలగుడ్డ విప్పాడు, చుట్టాడు, మళ్లీ విప్పాడు. చూసేవాళ్లకు చెమట తుడుచుకుంటున్నాడని అనిపించి ఉంటుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు మామ పెరట్లోకి పోలేదు. బావి దగ్గరికి కూడా ముందు వైపు నుంచి చుట్టి పోయేవాడు. షెడ్డులో మిషను చప్పుడు వినిపిస్తే రేడియో పెట్టమనేవాడు. అత్త అటక కింద నిలబడి ఒకటి రెండుసార్లు గిన్నెల వైపు చూసింది. ఈసారి వచ్చే వస్తువు ఏమిటో, ఎంతదో అని ఆమె అంచనా వేస్తున్నట్టు నాకనిపించింది.

ఒక పొద్దున మామ నన్ను పిలిచి, షెడ్డుకు వేరే బోర్డు పెట్టిద్దాం, మంచి వైరుమానును పిలుచుకుని రా అన్నాడు. ఇస్త్రీ పని పెరిగింది, పాపం ఇబ్బంది పడుతున్నాడు, వాని బోర్డు వానికి ఉంటే దర్జాగా ఉంటుంది అని చాలాసేపు చెప్పాడు. అన్ని కారణాలు చెప్పే అలవాటు మామకు లేదు.

అత్త లోపలి నుంచే అంది. “నోటితో ఒక్క మాట అంటే పోయేదానికి, గోడలన్నీ తొలిపిస్తాండాడు ఈయప్ప.”

పని మాత్రం ఘనంగా జరిగింది. మీటరు దగ్గర నుంచి షెడ్డుకు విడిగా తీగ లాగారు, ప్రహరీ గోడ పొడుగునా కర్ర పట్టీల మీద. మామ టేకు చెక్క బోర్డు తెప్పించాడు. దాని మీద ఇనుప పెట్టెలో మెయిను స్విచ్చి, తెల్లటి పింగాణి ఫ్యూజులు, ఇస్త్రీ పెట్టెకు విడిగా లావుపాటి ప్లగ్గు. ఎర్తుకోసం షెడ్డు వెనక గుంత తవ్వి, పైపు దించి, ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా పోశారు. మామ పక్కనే నిలబడి ఇంకా పొయ్యండప్పా, ఇంకా పొయ్యండి అంటూనే ఉన్నాడు. ఆ గుంతలో ఎంత పోస్తే ఆ పొద్దు అన్న మాట అంత లోతుకు పోతుందని ఆయన ఆశ. ఇంటి బోర్డు కంటే ఆ బోర్డు గొప్పగా తయారైంది. వీధిలో వాళ్లు వచ్చి చూశారు. బాడుగకు ఉండేవానికి ఇట్లాంటి బోర్డు ఎవరు పెట్టిస్తారు, మీ మామది శానా పెద్ద మనసప్పా అని నాతో అన్నారు. నేను తల ఊపాను. మా వంశంలో తల ఊపడం, తలగుడ్డ చుట్టడం, ఈ రెండే ధైర్యాలు.

ప్రారంభానికి మామ కర్పూరం, కుంకుమ పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. చంకలో ఆ రబ్బరు చెప్పులు. మొదటిసారి అవి ఇల్లు దాటాయి. బోర్డుకు బొట్టు పెట్టి, చెప్పులు తొడుక్కుని, తుండుగుడ్డ చుట్టుకుని, కళ్లు మూసుకుని మెయిను వేశాడు. షెడ్డంతా వెలిగింది. ఇంట్లో బల్బు రెప్ప కూడా వేయలేదని అత్త వాకిట్లో నుంచి కేకేసి చెప్పింది.

“బాగుండాదా?” అని మామ అడిగాడు. అడిగింది బోర్డు గురించి కాదు. అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

దర్జీ కొత్త స్విచ్చి మీద చెయ్యి వేసి చూశాడు. “శానా బాగుండాది” అన్నాడు. “ఇంక నేను ఇంట్లోకి వచ్చే పనే ల్యా.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అట్లా ఉంటే బాగుండేది. మామ నోరు తెరిచాడు. “అది గాదు…” అని ఆగాడు. చెయ్యి తలగుడ్డ మీదికి పోయింది. ఆయన ఇచ్చింది క్షమాపణ. తీగ గుండా పోయి అవతలికి చేరేసరికి అది గోడగా మారింది. కావాలని చేయలేదు. కావాలని చేసి ఉంటే ఇంత శ్రద్ధగా చేసేవాడు కాదు.

అప్పటి నుంచి దర్జీ మాటల్లో ఒక పదం తగ్గింది. మామతో మాట్లాడతాడు, అడిగినదానికి జవాబు చెబుతాడు, నవ్వుతాడు కూడా. మామా అనడు. సామీ అనీ అనడు. పిలుపు లేకుండానే మాట మొదలుపెట్టి, పిలుపు లేకుండానే ముగించేవాడు. అంత నైపుణ్యంగా కత్తిరించాడు, కుట్టు ఎక్కడ తెగిందో చెయ్యి పెడితే గాని తెలియదు.

ఇంటి ఫ్యూజు తర్వాత కూడా ఎప్పుడైనా పోయేది. ఇస్త్రీ పెట్టె తప్పు లేకుండానే. అట్లాంటి ఒక సాయంత్రం నాకు బాగా గుర్తు. మునిమాపు వేళ, దీపం పెట్టిన కాసేపటికే ఇల్లు చీకటైంది. మామ అలవాటు ప్రకారం తల వెనక్కి తిప్పాడు. కేకేయకుండానే మళ్లీ ముందుకు తిప్పుకున్నాడు. వెనక వాకిట్లోంచి చూస్తే షెడ్డు కల్యాణ మంటపంలా వెలిగిపోతోంది.

నేను ఫ్యూజు వేస్తానన్నాను. నీకేమన్నా అయితే మీ అమ్మకు నేను జవాబు చెప్పలేను, ముట్టుకోవద్దన్నాడు. పోనీ పిలుచుకుని రానా అన్నాను.

“యా మొగం పెట్టుకోని పిలిచేది రా” అన్నాడు.

అత్త కిరసనాయిలు బుడ్డి వెలిగించబోతే వద్దన్నాడు. చీకట్లోనే మంచం మీద కూర్చున్నాం, మామ, అత్త, నేను. షెడ్డులో మిషను చప్పుడు ఆగింది. కాసేపటికి దర్జీ వెనక వాకిలి దగ్గరికి వచ్చాడు. చేతిలో పొడుగాటి తీగ, దాని కొసకు బల్బు. తన బోర్డు నుంచి లాక్కుని వచ్చాడు. గడప ఇవతలికి రాలేదు. ద్వారబంధానికి బయట ఉన్న మేకుకు ఆ బల్బును తగిలించాడు. వెలుగు వంటింట్లో పడి, నడిమింటి గడప దాటి, మంచం దాకా వచ్చింది.

“ఇస్త్రీ పెట్టె తీసేసినా” అన్నాడు అక్కడి నుంచే. “తెల్లారిందాకా ఇది ఉండనీండి.”

పోయాడు. వెలుగు నేల మీద నెమ్మదిగా సాగినట్టు మామ పాదాల మీద పడింది. మామ కాళ్లు ముడుచుకున్నాడు.

తర్వాత నాకు పులివెందులకు మారాల్సి వచ్చింది. కబుర్లు జాబుల్లో తెలిసేవి. జమ్మలమడుగు వియ్యంకుడు తన ఇంట్లో కరెంటు పెట్టించుకున్నప్పుడు, ప్రొద్దుటూరులో మా బావ చేయించినట్టే తన బాడుగ షెడ్డుకూ విడిగా బోర్డు పెట్టమని వైరుమానుతో అన్నాడట. మామ ఆ కబురు విని తలగుడ్డ చుట్టుకున్నాడని అత్త రాయించింది.

నిరుడు మామకు బాగాలేదని తెలిసి పోయాను. మంచం నడిమింట్లోనే, బోర్డు కింద వేశారు. మనిషి తీగలా అయిపోయాడు. నన్ను గుర్తుపట్టాడు, గొడుగు ఉందా అని అడిగాడు. ఉందన్నాను. సాయంత్రం దీపం పెట్టాక కళ్లు తెరిచి “అల్లుడూ” అన్నాడు.

“ఈడనే ఉండా మామా” అన్నాను.

“నువ్వు గాదులే.”

ఎన్నేళ్లు నవ్విన మాట. అత్త నా వైపు చూసింది. నేను లేచి పెరట్లోకి పోయాను.

దర్జీ జుట్టు నెరిసింది. చెప్పగానే ఏమీ అడగకుండా ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు, తన బోర్డు దగ్గరికి పోయి స్విచ్చి తీశాడు, నా వెంట నడిచాడు. వెనక వాకిలి దగ్గరికి రాగానే కాళ్లు వాటంతట అవే ఆగాయి. అత్త వచ్చి, లోపలికి రా నాయనా అంది. అతను లోపలికి వచ్చాడు. నడిమింట్లో అడుగుపెట్టగానే ముందు చూసింది మామను కాదు. తల ఎత్తి బోర్డు వైపు చూశాడు. చెయ్యి జేబులోకి పోయింది. రీలు ఇంకా ఉందో లేదో నాకు తెలియదు.

మామ అతన్ని చూశాడు. పెదవులు కదిలాయి. “ఆ పొద్దు…” అన్నాడు.

ఆ మాట ఒక్కటి బయటికి వస్తే చాలని ఆ ఇంట్లో గోడలన్నీ చూస్తున్నట్టుంది.

“ఏ పొద్దు మామా?” అన్నాడు దర్జీ.

ఎంత మెత్తగా అన్నాడో చెప్పలేను. నిజంగా మరిచిపోయిన మనిషి అడిగినట్టు అడిగాడు. ఆ పిలుపు విని మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి ఎత్తి తల మీదికి పోనిచ్చాడు. తలగుడ్డ లేదు. బట్టతల మీద చెయ్యి కాసేపు వెతుక్కుని కిందికి దిగింది. దిగిన చెయ్యి పీట వైపు చూపించింది.

“అవి నువ్వు తీసుకో” అన్నాడు.

చెప్పులు. తప్పు దిద్దుకోవడానికి మామకు వేరే భాష రాదు, వేరే వస్తువు అందుబాటులో లేదు. అత్త రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆఖరు ఘడియలో ఒక మనిషిని పిలిపించి చెప్పులా ఇచ్చేది అని ఆమె ముఖంలో కనపడింది. నేను సిగ్గుతో గోడ వైపు తిరిగాను. ఆ గోడ మీద ఉన్నది ఆ బోర్డే.

దర్జీ వంగి చెప్పులు తీసుకున్నాడు. అడుగున అరచెయ్యి పెట్టి కొలత చూశాడు, అలవాటు కొద్దీ.

“నాకు పట్టవు మామా” అన్నాడు. “అయినా ఇయ్యి.”

రెండు చేతులతో పట్టుకుని, వెనక వాకిలి గుండా పోయాడు.

మామ దినానికి పోయినప్పుడు షెడ్డులోకి తొంగి చూశాను. బోర్డు కింద చెక్క పీట ఒకటి కొత్తగా వేసి ఉంది. దాని మీద చెప్పులు, తుడిచి, జతగా పెట్టి ఉన్నాయి. వీధి మొహం ఇంకా చూడలేదు. దర్జీ ఇస్త్రీ చేసుకుంటున్నాడు, ఉత్త కాళ్లతో.